ఎనిమిదిన్నర గంటల సందర్శకులు
(శ్రీమతి ఒతీలియా చిగ్వాయ్ గారి పదవీ విరమణ సందర్భంగా)

1986వ సంవత్సరం మార్చి మూడవ తేదీ సోమవారం ఉదయం, దల్కావే రేవులో మన లాంచీల సహకార సంఘం టికెట్ కిటికీ వెనుక, తడిసిన ఉన్ని శాలువా ఇంకా ఆరని ఇరవై రెండేళ్ళ యువతి ఒకరు తమ తొలి టికెట్టును చించి, బంగాళాదుంపల బస్తాతో నిలబడిన ఒక రైతు చేతికి అందించారు. ముప్పై ఎనిమిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, సందర్శనల విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీమతి ఒతీలియా చిగ్వాయ్ గారి ఉద్యోగ జీవితం ఆ విధంగా ప్రారంభమైంది. పదకొండేళ్ళు వారి పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేసినవాడిగా, ఈ అభినందన సంచికకు నాలుగు మాటలు రాసే గౌరవం నాకు దక్కింది.

సంచిక బాధ్యత చూస్తున్న సహోద్యోగిని నాకు రెండు షరతులు పెట్టారు. "ఒక్క పేజీ చాలు ఇవాన్. ఇంకో సంగతి, ఎవర్నీ ఏడిపించకు. తర్వాత కేకు కోయాలి" అన్నారు. రెండు షరతులూ తప్పుతున్నందుకు వారిని ముందుగానే క్షమించమని కోరుతున్నాను. నేను స్వతహాగా పొగడ్తలు రాయగల మనిషిని కాను. పైగా ఏడేళ్ళుగా గొంతులో దాచుకుని తిరుగుతున్న నిజం ఒకటి నా దగ్గర ఉంది. దానిని దాటవేసి ఒతీలియా గారి గురించి ఎంత అందంగా రాసినా అది అబద్ధమే అవుతుంది.

ఒతీలియా గారు తెన్యావ్ ద్వీపంలో జన్మించారు. మన రేవు నుండి లాంచీలో రెండున్నర గంటల ప్రయాణం. తండ్రి పడవలు చేసేవారు. తల్లి గొర్రెల ఉన్ని వడికేవారు. ఎలిసేయో అని వారికి ఒక్కగానొక్క తమ్ముడు. ఉద్యోగరీత్యా దల్కావేలో స్థిరపడినా, ద్వీపంలో ఎవరి ఆవు ఈనింది, ఎవరి ఇంటి కప్పు కారుతోంది అన్న సమాచారం లాంచీ ఎక్కి దిగే ప్రతి మనిషి ద్వారా వారికి చేరుతూనే ఉండేది.

టికెట్ కిటికీలో ఉన్న ఇరవై ఆరేళ్ళలో వారు పాటించిన పద్ధతి ఒకటి ఇక్కడ ప్రత్యేకంగా స్మరించదగినది. టికెట్ పుస్తకం పక్కనే వారు ఒక గీతల నోటు పుస్తకం పెట్టుకునేవారు. దాని అట్టమీద "అడిగి వెళ్ళిపోయినవారు" అని రాసి ఉండేది. కిటికీ దగ్గరకు వచ్చి, వేళ అడిగి, టికెట్టు కొనకుండా వెనుదిరిగిన ప్రతి మనిషికీ అందులో ఒక గీత, గీత పక్కన ఒక కారణం. 'ఎద్దుని ఎక్కించుకోరట', 'తిరుగు లాంచీ లేదు', 'భర్తని అడిగి వస్తుందట'. ఎందుకీ పని అని ఆనాటి గుమాస్తా ఒకాయన ఎగతాళి చేస్తే, "కొన్నవాళ్ళ సంగతి టికెట్ పుస్తకమే చెప్తుందయ్యా. కొనకుండా పోయినవాళ్ళ సంగతి ఎవరు చెప్తారు?" అన్నారట. అలాంటి నోటు పుస్తకాలు పంతొమ్మిది నిండాయి.

2009లో మన సంఘానికి వెబ్‌సైట్ వచ్చింది. అందులోకి ఎవరు ఏ వేళకు వస్తున్నారు, ఏ పేజీ దగ్గర ఆగుతున్నారు, ఎక్కడ విసిగి వెళ్ళిపోతున్నారు అన్న లెక్కలను పరిశీలించి, లాంచీలు ఎప్పుడు ఎటు నడపాలో సంఘానికి సూచించేందుకు 2012లో సందర్శనల విభాగం ఏర్పడింది. దానికి అధిపతిగా పట్నం నుండి పట్టభద్రుణ్ణి తెప్పించాలని సభ్యులందరూ అనుకుంటుండగా, మన మేనేజరు దోన్ అబ్దోన్ గారు ఆ పంతొమ్మిది నోటు పుస్తకాలనూ బల్లమీద పేర్చి, "ఈ పని ఈవిడ ఇరవై ఆరేళ్ళుగా చేస్తోంది. మనం ఇవాళ పేరు పెడుతున్నాం, అంతే" అన్నారు. ఆ విధంగా నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఒతీలియా గారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

కెప్టెన్లకు ఇది నవ్వులాటగా ఉండేది. మనందరిలోకీ సీనియర్ అయిన కెప్టెన్ దోన్ గుమెర్సిందో గారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "ఏం ఒతీలియా, ఆ డబ్బాలో అలలు కనిపిస్తాయా?" అని అడిగారు.

"అలలు కనిపించవు గానీ, నీ లాంచీ ఎక్కనివాళ్ళు కనిపిస్తారు దోన్ గుమెర్సిందో. వరస చాలా పొడుగ్గా ఉంది" అన్నారు ఈవిడ, తెరమీంచి తల తిప్పకుండానే.

ఆ వరసలో నిలబడినవారి కోసం వారు సాధించినవి రెండు మాత్రం పేర్కొంటాను. ఉదయం ఆరు గంటల లాంచీ వేళను ముందురోజు రెండు వందల మంది చూస్తున్నారు, తెల్లారి ఎక్కేవారు పదిమంది కూడా ఉండడం లేదు. లాంచీని ఎత్తేద్దామన్నారు సభ్యులు. రెండు వందల మంది ఊరికే చూడరని ఒతీలియా గారు పట్టుబట్టి, రేవులో ఒక వారం నిలబడి, పల్లె బస్సు ఆరుంబావుకు వస్తోందని కనిపెట్టారు. లాంచీని ఆరున్నరకు మార్చగానే కూర్చోను చోటు లేకుండా పోయింది. రెండవది, వెబ్‌సైట్‌లోని వెతుకు పెట్టెలో జనం ఏమి రాస్తున్నారో చూస్తుండగా, ఏడాదికి పది పన్నెండుసార్లు 'శవపేటిక' అన్న మాట వారికి కనిపించింది. మన సరుకు రవాణా పట్టికలో ఆ మాటే లేదు. ఆప్తుణ్ణి పోగొట్టుకుని, పేటికను ద్వీపానికి ఎలా తీసుకువెళ్ళాలో తెలియక ఎవరో ఆ పెట్టెలో రాసి చూస్తున్నారన్నమాట. మరుసటి సమావేశంలో శవపేటికను ఉచితంగా, అన్నిటికంటే ముందు ఎక్కించాలన్న నియమం వారి ప్రతిపాదనపైనే వచ్చింది. లెక్కలు చూసి మనుషులను ఊహించగలగడం అంటే ఏమిటో నేను ఆ రోజు నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు.

నేను 2013లో చేరాను. ప్వెర్తో మోంత్ పట్నంలో చదువుకుని వచ్చినవాణ్ణి, చదువు తలకెక్కిన వయసు. ఒతీలియా గారు నన్ను "నాయనా" అని పిలిచేవారు, నేను వారిని మర్యాదగా "దోన్యా" అనేవాణ్ణి. పొయ్యిమీద కెటిల్ పెట్టి, మాతే తేనీరు కలిపి, మొదటి గుక్క నాకు ఇచ్చి, ఆ తర్వాతే లెక్కలు తెరిచేవారు. 2016లో మన వెబ్‌సైట్‌కు కొత్త రూపం ఇచ్చే పని నాకు అప్పగించారు. తెరవగానే నీలి సముద్రం, దానిమీద మన లాంచీ, లాంచీ పక్కన ఎగిరే డాల్ఫిన్, ఇలా ఒక చలనచిత్రం పెట్టాను. సర్వసభ్య సమావేశంలో చప్పట్లు కొట్టారు. యాత్రికులు పెరిగారు. నా అంత మొనగాడు ఈ ద్వీపాలన్నిటిలోనూ లేడనుకున్నాను.

అదే ఏడాది నుండి లాంచీల వేళలు ఆటుపోట్లను బట్టి మారసాగాయి. రేవుల్లో కాగితాలు అతికించడం మానేసి, రాబోయే రోజుల వేళలను రోజూ ఉదయం ఎనిమిదికి వెబ్‌సైట్‌లో మాత్రమే ప్రకటించేవాళ్ళం. 2017 ఏప్రిల్‌లో ఒక లాంచీని తగ్గించక తప్పదని సంఘం నిర్ణయించి, ఏ సర్వీసు తీసేయాలో లెక్కలు చూసి చెప్పమని మా విభాగాన్ని అడిగింది. తెన్యావ్ వేళల పేజీని నెలంతటికీ నలుగురు చూశారు. మంగళవారం తెన్యావ్ లాంచీ చాలాసార్లు ఖాళీగా వస్తోంది. చూడబోతే జవాబు కళ్ళముందే ఉంది.

కానీ ఒతీలియా గారు నన్ను పిలిచి తెరమీద ఒక గీత చూపించారు. "వీళ్ళెవరు నాయనా? రోజూ ఎనిమిదిన్నరకి వస్తారు. ముప్పై మంది, ముప్పై ఇద్దరు. మొదటి పేజీకి వచ్చి, ఏమీ చూడకుండా వెళ్ళిపోతారు. ఆదివారం కూడా మానరు."

నేను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. "మనుషులు కాదు దోన్యా ఒతీలియా. యంత్రాలు. నెట్‌లో ఊరూరా తిరిగే దొంగ యంత్రాలు ఉంటాయి. రోజూ ఒకే వేళకి వచ్చి వెంటనే పోయేది యంత్రం కాక ఇంకేమవుతుంది?"

"అడిగి వెళ్ళిపోయినవాళ్ళలా ఉన్నారు" అన్నారు వారు.

"అడగను కూడా అడగలేదండీ. గుమ్మంలో తొంగి చూసి పోయారు. లెక్కలోంచి తీసేస్తున్నాను, లేకపోతే నివేదిక అంతా పాడవుతుంది."

తీసేశాను. ఒక మీట నొక్కితే ఆ ముప్పై మందీ మా లెక్కల్లోంచి మాయమయ్యారు. ఒతీలియా గారు చాలాసేపు నివేదికను ముందు పెట్టుకుని కూర్చున్నారు. సొంత ద్వీపం మీద మమకారంతో అడ్డుపడుతోందని పదిమంది అంటారేమోనన్న సంకోచం కూడా వారికి ఉండి ఉండాలి. ఆఖరుకు సంతకం చేశారు. మే నెల నుండి తెన్యావ్‌కు మంగళవారపు లాంచీ ఆగిపోయింది, శుక్రవారపు లాంచీ ఒక్కటే మిగిలింది.

జూలై పదకొండు, మంగళవారం. కాలి పుండుకు చికిత్స కోసం ఎలిసేయో గారికి ఆస్పత్రిలో ఆ రోజు వేళ ఇచ్చారు. నాలుగు నెలలు ఎదురుచూస్తే దొరికిన వేళ అది. లాంచీ లేదు గనుక, పక్క ద్వీపం దాకా తన చిన్న పడవలో వెళ్ళి అక్కడ వేరే లాంచీ పట్టుకుందామని బయలుదేరారు. తూర్పు గాలి లేచింది. పడవ ఆ సాయంత్రమే దొరికింది, మనిషి గురువారం దొరికారు.

దల్కావేలో శవపరీక్ష ముగిశాక, మరుసటి వారం శుక్రవారపు లాంచీలో, అక్క తెచ్చిన నియమం కిందనే, తమ్ముడి పేటిక అన్నిటికంటే ముందు ఎక్కింది. ఎత్తడానికి చేతులు కావాలని నేనూ వెంట వెళ్ళాను. నవేనా ప్రార్థనలు తొమ్మిది రోజులు సాగుతాయి గదా, నేను మాత్రం సమాధి చేయగానే వెనక్కు వచ్చేద్దామనుకున్నాను. దేనిలో వస్తాను? శుక్రవారం వెళ్ళినవాడికి మళ్ళీ శుక్రవారం దాకా లాంచీ లేదు. మేము తీసేసిన మంగళవారం ఎంత పెద్దదో ఆ వారమంతా ఆ ఇంటి పొయ్యి పక్కన కూర్చుని తెలుసుకున్నాను.

ఎలిసేయో గారి భార్య ఎర్సీరా గారు మొదటి రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రార్థనకు వచ్చినవాళ్ళకు మాంసం వడ్డించారు, రొట్టె కోశారు, గిన్నెలు కడిగారు. మూడోనాడు పొద్దున్న, కడిగిన గిన్నె చేతిలో ఉండగానే ఆడబిడ్డ వైపు తిరిగారు.

"వదినా, ఒక మాటడుగుతాను, చెప్తావా? రోజూ గుట్టెక్కేవాళ్ళం. నేనూ, మీ తమ్ముడూ, ఊరందరూ. సిగ్నల్ అక్కడొక్కచోటే వస్తుంది. లాంచీ ఎప్పుడొస్తుందో చూద్దామని ఫోను పైకెత్తి నిలబడేవాళ్ళం. అది తెరుచుకునేది కాదు. వేళ తెలీక ఎన్నిసార్లు లాంచీ తప్పిపోయిందో. మేము రోజూ వచ్చి నిలబడడం మీకక్కడ కనిపించలేదా?"

ఒతీలియా గారు ఆవిడ చేతిలోని గిన్నె అందుకున్నారు. "కనిపించారు ఎర్సీరా. వచ్చి వెంటనే వెళ్ళిపోయారనుకున్నాం" అన్నారు.

"ఎక్కడికి వెళ్ళిపోతాం?" అన్నారు ఎర్సీరా గారు. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగారు. "కెప్టెన్‌తో చెప్పుకుందామంటే, పైవాళ్ళు కంప్యూటర్లో చూసుకుంటారన్నాడు. నీకు ఫోన్ చేద్దామంటే ఈయన చెయ్యనివ్వలేదు. 'అక్క చూస్తూనే ఉంటుందే, దాని పనే అది' అనేవాడు."

అప్పుడు సమయం ఎనిమిది దాటింది. మన జూలై నడి చలికాలం గదా, బయట ఇంకా సరిగా తెల్లవారలేదు. ఒతీలియా గారు శాలువా కప్పుకుని "పద నాయనా" అన్నారు. గుట్ట ఎక్కాం. పైన, తడి గడ్డిలో, అప్పటికే పదిహేనుమంది దాకా నిలబడి ఉన్నారు, ఫోన్లు ఆకాశానికి ఎత్తి. నేనూ నా ఫోను తీసి, నేను తయారుచేసిన పేజీని తెరిచాను. నీలిరంగు వచ్చింది. డాల్ఫిన్ తల వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. నాలుగు నిమిషాలు చూశాను, ఆ జంతువుకు మెడ కింద ఏమీ రాలేదు.

పక్కన ఒక ముసలాయన నా తెరలోకి తొంగి చూసి నవ్వారు. "కొత్తా బాబూ? దానికి తోక రాదులే. ఏడాది నుంచి చూస్తున్నాం. తోక కనిపించిన రోజు లాంచీ వేళ తెలుస్తుందని మా వాళ్ళు పందాలు కూడా వేసుకున్నారు."

ఇంకొకావిడ అందుకున్నారు. "ఆ చేపని పెట్టిన మహానుభావుడెవరో దొరకాలి గానీ, ఇక్కడికి తీసుకొచ్చి తోక వచ్చేదాకా వానలో నిలబెడతాను."

"ఎలిసేయో అయితే దానికి పేరు కూడా పెట్టాడు, పాపం" అన్నారు ముసలాయన.

ఆ మహానుభావుణ్ణి నేనేనని ఒతీలియా గారికి తెలుసు. తమ్ముణ్ణి పూడ్చి మూడు రోజులైంది. ఒక్క మాట చాలు, నన్ను చూపించి వారు పక్కకు తప్పుకోవచ్చు. వారు నా వైపు చూడనైనా చూడలేదు. దిగేటప్పుడు జారతానేమోనని నా మోచెయ్యి పట్టుకున్నారు. సగం దారిలో ఆగి, "యంత్రాలు కాదు నాయనా" అన్నారు. అంతకుమించి ఆ విషయం మళ్ళీ ఎన్నడూ నాతో ఎత్తలేదు.

ఆగస్టులో సమావేశం జరిగింది. ఆ ముప్పై మందిని యంత్రాలని ఎవరు తేల్చారని సభ్యులు నిలదీశారు. "నేనే అనుకున్నాను. సంతకం నాది" అన్నారు ఒతీలియా గారు. దోన్ అబ్దోన్ గారికి నమ్మకం కుదరలేదు. "తిలాపాపం తలా పిడికెడు అంటారు. అంతా మీ నెత్తినే వేసుకుంటారేమిటి దోన్యా? ఇంకెవరి చెయ్యీ లేదా ఇందులో?" అని రెండుసార్లు అడిగారు. వారు లేదన్నారు. నేను ఎదురు బెంచీలో కూర్చుని నా బూట్లు చూసుకుంటున్నాను. నోట్లో నాలుక ఉంది, లేవలేదు. ఒతీలియా గారి సర్వీసు రికార్డులో మందలింపు పత్రం చేరింది. విభాగాధిపతి పదవి తీసేశారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. రెండేళ్ళు, అక్షరాలా రెండేళ్ళు, వారు నా కింద పనిచేశారు. రోజూ ఉదయం మాతే కలిపి మొదటి గుక్క నాకే ఇచ్చేవారు.

దోన్ అబ్దోన్ గారూ, సభ్యులారా, ఆ యంత్రాల మాట నాది. మీట నొక్కింది నేను. డాల్ఫిన్ నాది. ఇది రాస్తానని నెల క్రితం ఒతీలియా గారితో చెబితే, "వద్దు నాయనా, నీకింకా పాతికేళ్ళ ఉద్యోగముంది" అన్నారు. పదకొండేళ్ళలో వారి మాట నేను కాదనడం ఇది రెండోసారి. మొదటిసారి వారి మాట విని ఉంటే ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు. ఆ మందలింపు పత్రాన్ని వారి రికార్డు నుండి తొలగించి నా రికార్డులో చేర్చవలసిందిగా ఈ సంచిక ముఖంగా సంఘాన్ని అర్థిస్తున్నాను.

పదవి పోయిన మనిషి మూల కూర్చుని ఏడవలేదు. సెప్టెంబరులో ఒక ఆదివారం వారు మింగా పిలిచారు. మన దగ్గర చెక్క ఇంటిని ఇల్లుగానే ఇంకో చోటికి కదపాలంటే ఊరంతా వచ్చి ఎడ్లు కట్టి లాగుతుంది, లాగినవాళ్ళకు ఇంటివాళ్ళు అన్నం పెడతారు. ఈ మింగాలో లాగవలసింది ఇల్లు కాదు, మన వెబ్‌సైట్. టికెట్ కిటికీ ఆడవాళ్ళు, కెప్టెన్లు, వంటమనిషి అందరూ నా గదిలోకి కిక్కిరిశారు. "ఒక్కొక్కరు ఒక్కో బరువు తీసెయ్యండి" అన్నారు ఒతీలియా గారు. ఒకరు ఫోటోలు తీయించారు, ఒకరు రంగులు తీయించారు. డాల్ఫిన్‌ను నా చేత్తో నేనే తీశాను. దోన్ గుమెర్సిందో గారు తెరకేసి చూసి, "ఇప్పుడు నా పడవలా ఉంది, తేలుతుంది" అన్నారు. సాయంత్రానికి తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు మిగిలాయి. గుట్టమీది నుండి ఎర్సీరా గారు ఫోన్ చేసి, "వచ్చింది వదినా, మొత్తం వచ్చింది" అన్నాక, ఒతీలియా గారు మాకందరికీ వేడివేడి బంగాళాదుంప రొట్టెలు, మిల్కావ్, పెట్టారు. తాము మాత్రం తినలేదు.

2018 జనవరి రెండున మంగళవారపు లాంచీ మళ్ళీ మొదలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. పిల్లలున్న కుటుంబాలు లాంచీ లేని ఆ చలికాలంలోనే ఒక్కొక్కటిగా దల్కావేకు వచ్చేశాయి. పిల్లలు చాలక బడి మూతపడింది. నలభై ఒక్క ఇళ్ళలో పదిహేడు తలుపులకు ఆ ఏడాదే మేకులు పడ్డాయి. ఇవాళ తెన్యావ్‌లో పొగ లేచే ఇళ్ళు తొమ్మిది. ఇవి కూడా మన లెక్కలే.

2019లో తిరిగి విభాగాధిపతి అయిన నాటి నుండి ఒతీలియా గారు పాటించిన పద్ధతిని బయటి సంస్థలవారు వచ్చి చూసి వెళ్ళారు, ఆ పద్ధతికి పెద్ద పేర్లు పెట్టారు. ఒతీలియా గారు పెట్టిన నియమం చిన్నదే. మా ప్రతి నివేదికకూ మొదటి పుట మీద "ఈ లెక్కలో లేనివారు" అన్న శీర్షిక ఉంటుంది. ఏ అంకెనైనా కొట్టేయాలంటే, ముందు మాలో ఒకరు లాంచీ ఎక్కి ఆ అంకె ఉండే చోటికి వెళ్ళి రావాలి. ఒక పేజీ దగ్గర జనం ఎక్కువసేపు ఆగితే ఇష్టపడ్డారని రాయకూడదు, అర్థం కాక ఆగారేమో అడిగి తెలుసుకోవాలి. ఈ నియమం కింద ఐదేళ్ళలో మూడు లాంచీలు ఆగిపోకుండా నిలిచాయి. ఆ లాంచీలు ఎక్కేవాళ్ళకు ఒతీలియా గారి పేరు తెలియదు. వారూ చెప్పుకోలేదు.

అప్పటి నుండి ప్రతి ఉదయం, మాతే కలపకముందే లెక్కలు తెరిచి, వారు మొదట చూసేది తెన్యావ్ పేజీ. రోజూ ఎనిమిదిన్నరకు అక్కడి నుండి ఒకే ఒక్క సందర్శన ఉంటుంది. అది ఎర్సీరా గారు. ఆవిడ ఎక్కడికీ ప్రయాణం కట్టరు. మిగతావాళ్ళు వేళలు ఆవిడనే అడిగి తెలుసుకుంటారు. గుట్టెక్కి, పేజీ తెరిచి, 'మంగళవారం – లాంచీ ఉంది' అన్న వాక్యం చదువుకుని దిగిపోతారు. ఎందుకని ఒకసారి నేను అడిగితే, "ఉందో లేదో చూసుకుంటాను బాబూ" అన్నారు. ఆ ఒకటి అనే అంకె తెరమీద కనిపించాకే ఒతీలియా గారు కెటిల్ పొయ్యిమీద పెట్టేవారు.

పదవీ విరమణానంతరం ఒతీలియా గారు తెన్యావ్‌లోనే, మరదలి ఇంట్లోనే స్థిరపడనున్నారు. మొదటి గుక్క ఇచ్చే చెయ్యి లేకపోతే మాతే కలపాలని కూడా అనిపించదు.

అమ్మా, సభ్యులందరి పక్షాన మీకు ఆయురారోగ్యాలు కలగాలని, గాలీ వానా మీ గుమ్మం ముందు మెత్తబడాలని, మీ తోటలో బంగాళాదుంపలు సమృద్ధిగా ఊరాలని మనసారా కోరుకుంటున్నాను. వచ్చే నెల నుండి తెన్యావ్ పేజీలో ఎనిమిదిన్నరకు ఒకటికి బదులు రెండు కనిపిస్తుందని నాకు తెలుసు. మీరు ఊరికే ఉండరు, ఎర్సీరా గారి వెంట గుట్టెక్కుతారు. ఆ రెండు అనే అంకె ఏళ్ళ తరబడి, నేను రిటైరయ్యే రోజు దాటి కూడా అలాగే నిలవాలి. నేను రోజూ చూస్తాను. వాన కురిసే రోజు ఎక్కకండి, జారుతుంది. కానీ ఏ ఉదయమైనా అక్కడ సున్నా కనిపిస్తే, అమ్మా, ఈసారి దాన్ని కొట్టేయను. మంగళవారమైనా, శుక్రవారమైనా, మొదటి లాంచీ ఎక్కి వచ్చేస్తాను.

– ఇవాన్ రెమొల్కోయ్,
సందర్శనల విభాగం, దల్కావే